మా నాన్న జీపుకి ఏ గేర్‌బాక్సు వేయాలి? 1941 నుంచి వెతికిన జవాబు

కాస్త పెద్ద పోస్టే. మిరప పనులు తగ్గాయి కదా, తీరిగ్గా చదవండి.

మొన్న ఫిబ్రవరిలో మా చెరువు కట్ట దగ్గర జరిగిన సంగతితో మొదలుపెడతాను. కల్లం నుంచి మిరప టిక్కీలు జీపులో వేసుకుని, వెనక చిన్న ట్రైలర్ తగిలించి కట్ట దిగుతున్నా. పక్కన మా అబ్బాయి. ట్రైలర్ మీద నలుగురు కూలోళ్లు. అలా మనుషుల్ని ఎక్కించకూడదు, తప్పే, ఒప్పుకుంటున్నా. రెండో గేరులో దిగుతున్న బండి సగం వాలులో టక్కున న్యూట్రల్లోకి వచ్చేసింది. గేరు రాడ్డు దానంతటదే ఎగిరి నా మోకాలికి తగిలింది. ఫస్టులోకి తోద్దామంటే పళ్లు కరకరమన్నాయి తప్ప గేరు పడలేదు. బ్రేకు మీద నిలబడ్డాను. కట్ట కింద తూము దగ్గర బండి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. దిగాక నా చేతులు వణకడం మా వాడు చూశాడు, ఏమీ అనలేదు.

మర్నాడు గేర్‌బాక్సు విప్పించాం. రెండో గేరు సింక్రో రింగు అరిగి నున్నగా అయిపోయింది. ఫస్టు గేరు పళ్ల అంచులు ఎలుక కొరికినట్టున్నాయి. కింద షాఫ్టు అటూ ఇటూ ఆడుతోంది. అక్కడి నుంచి ఇంట్లో పంచాయితీ మొదలైంది.

జీపు మేస్త్రీ ఏమో, "అబ్బాయ్, ఇదే విప్పి కొత్త సామాను వేసి బిగిద్దాం" అన్నాడు. మా నాన్న కాలం నుంచీ ఈ బండి చూస్తున్నవాడు. మా వాడేమో, "నాన్నా, ఈ రోజుల్లో మూడు గేర్ల బండేంటి? ఐదు గేర్లది వేయించు, రోడ్డు మీద కూడా పరిగెడుతుంది" అన్నాడు. పాత సామాన్ల షాపాయన మధ్యేమార్గం చెప్పాడు, నాలుగు గేర్లది ఉంది పట్టుకెళ్లండి అని. ముగ్గురి మాటలోనూ న్యాయం ఉంది. నేను పది రోజులు టైము అడిగాను.

ఆ పది రోజులూ నేను చేసిందల్లా ఒకటే. అసలు ఈ మూడు గేర్ల పెట్టె ఎక్కడ పుట్టింది, ఎవరు, ఏ పని కోసం ఎంచుకున్నారు అని చదవడం. చదివాక నాకు తెలిసొచ్చింది ఏంటంటే, గేర్‌బాక్సు అనేది విడిగా కొనే వస్తువు కాదు. అది ఒక లెక్కలో ఒక అంకె. మిగతా అంకెలు తెలియకుండా దాన్నొక్కదాన్నీ మారిస్తే మొత్తం లెక్క తప్పుతుంది.

ముందు లెక్కేంటో చెప్తా. ఇంజిన్ వేగంగా తిరుగుతుంది, కానీ చక్రానికి కావాల్సింది వేగం కన్నా బలం. ఆ తిరుగుళ్లను తగ్గించి బలం పెంచే పని జీపులో మూడు చోట్ల జరుగుతుంది. ఒకటి గేర్‌బాక్సు. రెండోది దాని వెనకే ఉండే ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే ముందు చక్రాలకి పవర్ ఇచ్చేది, హై-లో మార్చేది. మూడోది ఇరుసు మధ్యలో క్రౌన్, పినియన్. ఈ మూడింటి అంకెలూ హెచ్చవేస్తే, చక్రం ఒక్క చుట్టు తిరగడానికి ఇంజిన్ ఎన్ని చుట్లు తిరగాలో వస్తుంది. కప్పీకి తాడు ఎన్ని చుట్లు వేస్తే బరువు అంత తేలికైనట్టు, ఇదీ అంతే.

పళ్ల చక్రాల్ని జరిపి ఒకదానికొకటి తగిలించే గేర్‌బాక్సు 1890లలో ఫ్రాన్సులో లెవసోర్ అనే ఇంజనీరు బండ్లలో వచ్చింది. తిరుగుతున్న పళ్లలోకి ఇంకో పళ్లు తోయడమే, మోటు పద్ధతి. ముప్ఫై ఏళ్లకు పైగా డ్రైవర్లు ఆ కరకర శబ్దంతోనే బతికారు. 1928లో అమెరికాలో కాడిలాక్ కారులో సింక్రోమెష్ వచ్చింది. పళ్లు కలవక ముందే ఒక ఇత్తడి రింగు రాసుకుని రెండింటి వేగం సమానం చేస్తుంది. అప్పుడు గేరు మెత్తగా పడుతుంది. కానీ ఆ సౌకర్యం చాలా ఏళ్లు పై గేర్లకే ఇచ్చారు. ఫస్టు ఎలాగూ బండి ఆగి ఉన్నప్పుడే వేస్తారు కదా, దానికెందుకు ఖర్చు అనుకున్నారు. చెరువు కట్ట మీద నా ఫస్టు గేరు ఎందుకు పడలేదో ఇప్పుడు అర్థమైందా? అది పాడవ్వడం ఒక్కటే కారణం కాదు. దాన్ని తయారు చేసిందే అలా.

ఇప్పుడు జీపు దగ్గరికి వద్దాం.

1940లో యూరప్‌లో యుద్ధం ముదురుతోంది. అమెరికా సైన్యానికి తేలికైన, నాలుగు చక్రాలూ లాగే చిన్న బండి కావాల్సి వచ్చింది. 135 కంపెనీలకు కబురు పంపితే గట్టిగా ముందుకొచ్చింది బాంటమ్ అనే చిన్న కంపెనీ. 49 రోజుల్లో నమూనా బండి తయారు చేసి 1940 సెప్టెంబరు 23న అప్పజెప్పింది. తర్వాత విల్లీస్, ఫోర్డ్ కూడా దిగాయి. సైన్యం మొదట పెట్టిన బరువు పరిమితి 1300 పౌండ్లు, అంటే 590 కిలోలు. అది ఎవరి వల్లా కాలేదు. పెంచారు, మళ్లీ పెంచారు. చివరికి 2160 పౌండ్ల దగ్గర, సుమారు 980 కిలోల దగ్గర తేల్చారు. విల్లీస్ వాళ్ల ఇంజిన్ 60 గుర్రాల బలంతో అందరికన్నా మెరుగు, కానీ బండి బరువు ఎక్కువ. బోల్టుల పొడవు దగ్గర్నించీ లెక్కేసి కోసి బరువు తగ్గించారని చెప్తారు.

అంత బరువు లెక్క చూసుకునే చోట గేర్‌బాక్సు ఎలాంటిది ఎంచుకుంటారు? తేలికైనది, చవకైనది, అప్పటికే తయారీలో ఉన్నది. అలా వచ్చింది వార్నర్ కంపెనీ మూడు గేర్ల టీ-84. ఫస్టు 2.665, రెండోది 1.564, మూడోది 1. వెనక స్పైసర్ కంపెనీ మోడల్ 18 ట్రాన్స్‌ఫర్ కేసు, లోలో 1.97. ఇరుసులో 4.88. మూడూ హెచ్చవేయండి. దాదాపు 25.6 వస్తుంది.

మరి ఆ అంకెకి పొలంలో అర్థమేంటి? ఆ బండికి వేసే 6.00-16 టైరు ఒక చుట్టు తిరిగితే సుమారు 2.2 మీటర్లు ముందుకు పోతుంది. ఇంజిన్ నిమిషానికి 1000 చుట్లు తిరుగుతుంటే, లో ఫస్టులో బండి గంటకు 5 కిలోమీటర్లు దాటి పోతుంది. సైనికుడికి అది చాలు. తుపాకీ లాగాలి, గుంటలోంచి బయటపడాలి, రోడ్డెక్కితే పరిగెత్తాలి. మూడో గేరులో 3000 చుట్ల దగ్గర 80 కిలోమీటర్లు దాటేది. యుద్ధం ముగిసేసరికి విల్లీస్ దాదాపు 3,60,000, ఫోర్డ్ దాదాపు 2,80,000 జీపులు చేశాయి.

ఇక్కడి నుంచే మన రైతుల కథ మొదలవుతుంది. నాకు ఇందులో బాగా నచ్చిన భాగం కూడా ఇదే.

యుద్ధం ఇంకా నడుస్తుండగానే విల్లీస్ వాళ్లకి బెంగ పట్టుకుంది. రేపు సైన్యం కొనడం ఆపేస్తే ఈ బండి ఎవరికి అమ్మాలి? వాళ్లకి కనిపించినవాడు రైతు. 1944లో సీజే-2 పేరుతో కొన్ని పదుల నమూనా బండ్లు చేసి పొలం పనుల్లో పరీక్షించారు. వాటిల్లో కొన్నింటి మీద 'అగ్రిజీప్' అనే ఇత్తడి రేకు కూడా కొట్టారు. పొద్దున నాగలి లాగాలి, మధ్యాహ్నం పీటీవోతో మిషను తిప్పాలి, సాయంత్రం సరుకు మోయాలి, ఆదివారం ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లాలి. ఒకే బండి, నాలుగు పనులు.

పరీక్షిస్తే తేలిందేంటి? సైన్యం లెక్క పొలానికి సరిపోదని. గంటకు 5 కిలోమీటర్లు దాటితే నాగలి వెనక మనిషి పరిగెత్తాలి. దుక్కి టెద్దులు నడిచేది 3 కిలోమీటర్ల అటూ ఇటూగా. పైగా పొద్దస్తమానం బరువు లాగితే ఆ తేలిక గేర్‌బాక్సు ఆగదు. అందుకని 1945లో సీజే-2ఏ పేరుతో మామూలు జనానికి అమ్మకానికి పెట్టినప్పుడు మూడు అంకెల్నీ మార్చేశారు. గేర్‌బాక్సు టీ-90 అయింది. అదీ మూడు గేర్లదే, కానీ ఇంకా గట్టిది, ఫస్టు 2.798. ట్రాన్స్‌ఫర్ కేసు అదే మోడల్ 18, కానీ లో 2.43కి పెంచారు. ఇరుసు 5.38 చేశారు. హెచ్చవేస్తే 36.6. అంటే 1000 చుట్ల దగ్గర గంటకు సుమారు 3.6 కిలోమీటర్లు. మనిషి నడక.

చూడండి, గేర్‌బాక్సు ఫస్టు 2.665 నుంచి 2.798కి మారింది. అది నూటికి 5 వంతుల మార్పే. మిగతా మార్పంతా ట్రాన్స్‌ఫర్ కేసులో, ఇరుసులో జరిగింది. ఆ ఇంజనీర్లు గేర్‌బాక్సు మారుద్దాం అనుకోలేదు. పొలంలో ఎంత వేగం కావాలో ముందు తేల్చుకుని, ఆ వేగం వచ్చేలా మూడింటినీ సర్దారు. నా పది రోజుల చదువులో కళ్లు తెరిపించింది ఇదే.

ఊరికే రాలేదు లెండి. ఇరుసు 5.38 చేయడంతో రోడ్డు మీద వేగం పోయింది. 3000 చుట్ల దగ్గర 82 పోయే బండి 75కి దిగింది. ఒకచోట కలిపితే ఇంకోచోట తీసేయాల్సిందే. ఇంకో ముచ్చట, మొదట్లో వచ్చిన సీజే-2ఏలకి గేరు రాడ్డు స్టీరింగు దగ్గర పెట్టారు, కార్లకి మల్లే. ఏడాది తిరక్కుండానే తీసేసి మళ్లీ కిందికే తెచ్చారు.

ఇంతా చేస్తే ఆ జీపు ట్రాక్టరుని ఓడించిందా? లేదు. సీజే-2ఏలు 1949 దాకా రెండు లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. 1951లో 'ఫార్మ్ జీప్' అని, 'జీప్ ట్రాక్టర్' అని ప్రత్యేకంగా కూడా తెచ్చారు, అవి కొద్దిగానే పోయాయి. అదే కాలంలో ఫోర్డ్ వాళ్ల 8ఎన్ ట్రాక్టరు ఐదు లక్షలకు పైగా అమ్ముడైంది. రైతు తేల్చేశాడు, దున్నడానికి ట్రాక్టరు, బురదలో మనిషినీ సరుకునీ మోయడానికి జీపు అని. అన్ని పనులూ చేస్తానన్న బండి చివరికి ఒక పనిలో నిలబడింది. ఆ పనిలో ఇప్పటికీ దానికి సాటి లేదు.

ఇక మన దేశం. 1945లో లూధియానాలో మహీంద్రా సోదరులూ, గులాం మహమ్మదూ కలిసి ఉక్కు వ్యాపారం పెట్టారు. పేరు మహీంద్రా అండ్ మహమ్మద్. దేశ విభజన తర్వాత గులాం మహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి ఆ దేశానికి మొదటి ఆర్థిక మంత్రి అయ్యారు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. 1940ల చివర్లో బొంబాయిలో విల్లీస్ జీపుల విడిభాగాలు తెచ్చి బిగించడం మొదలుపెట్టారు. తర్వాత 1953లో అమెరికాలో సీజే-3బీ వచ్చింది. కొత్త ఇంజిన్ ఎత్తుగా ఉండటంతో బానెట్ పైకి లేపారు. మన ఊళ్లల్లో జీపు అంటే కళ్ల ముందు కదిలే ఆ ఎత్తు మూతి బండి అదే. అమెరికాలో 1968లో ఆపేసినా మన దగ్గర దాని వంశం దశాబ్దాల పాటు నడిచింది. బ్లాకు ఆఫీసు జీపు, పోలీసు జీపు, ఎన్నికల ప్రచారం జీపు, పెళ్లికొడుకు జీపు, అన్నీ అవే.

మా నాన్న కొన్నది అలాంటిదే, ప్రభుత్వ వేలంలో. పెట్రోలు తాగలేక తొంభైల్లో డీజిల్ ఇంజిన్ వేయించాడు. గేర్‌బాక్సు మాత్రం అదే టీ-90. వెనక అదే మోడల్ 18. అంటే 1945లో అమెరికా రైతు కోసం ఎంచుకున్న పెట్టెనే పల్నాడు నల్లరేగడిలో మేం ఇన్నాళ్లూ తిప్పుతున్నాం.

మరి నాలుగు గేర్లు, ఐదు గేర్లు ఎక్కడి నుంచి వచ్చాయి? 1980లలో మహీంద్రా వాళ్లు ఫ్రెంచి ప్యూజో కంపెనీ 2112 సీసీ డీజిల్ ఇంజిన్‌తో ఎంఎం-540 తెచ్చారు. దానికి నాలుగు గేర్ల కేఎంటీ-90, అన్ని ముందు గేర్లకీ సింక్రో. తర్వాత మార్షల్, అర్మడా, బొలేరో లాంటి పొడుగు బండ్లలో ఐదు గేర్ల బీఏ-10 వచ్చింది. రోడ్లు బాగుపడ్డాయి, జనం దూరాలు వెళ్తున్నారు, ఐదో గేరులో ఇంజిన్ తాపీగా తిరిగితే డీజిలూ కలిసొస్తుంది, చెవులకూ హాయి. మా వాడు చెప్పేది ఆ కాలపు మాట. తప్పు కాదు. కానీ ఆ ఐదు గేర్లు ఆ బండ్ల కోసం పుట్టాయి, మన బండి కోసం కాదు.

తేడా ఎక్కడో టేపు పెట్టి చూస్తే తెలుస్తుంది. మా జీపు ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య 80 అంగుళాలు, అంటే 6 అడుగుల 8 అంగుళాలే. యుద్ధం జీపుదీ, సీజే-2ఏదీ, సీజే-3బీదీ అదే కొలత. ఎంఎం-540కి 91 అంగుళాలు. 80 అంగుళాల బండిలో ఇంజిన్, గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు పోగా వెనక ఇరుసుకి వెళ్లే షాఫ్టుకి మిగిలేది మూరెడు జాగా. పొడుగు గేర్‌బాక్సు పెడితే ట్రాన్స్‌ఫర్ కేసు వెనక్కి జరుగుతుంది, ఆ షాఫ్టు ఇంకా కురచవుతుంది. కురచ షాఫ్టు ఏటవాలుగా తిరుగుతుంది. గతుకులో ఇరుసు కిందికీ పైకీ ఊగినప్పుడల్లా దాని క్రాసులు మెలి తిరిగి ఊడతాయి.

ఈ తిప్పలు అమెరికాలో వాళ్లూ పడ్డారు. అక్కడ పాత జీపులకి ట్రక్కుల నాలుగు గేర్ల పెట్టెలు వేసుకోవడం పెద్ద ఆనవాయితీ. వార్నర్ టీ-98, టీ-18, షెవర్లే ట్రక్కుల ఎస్ఎం-420 లాంటివి. ఎస్ఎం-420 ఫస్టు 7.05. మన లెక్కలో పెడితే 90 దాటుతుంది. 1000 చుట్ల దగ్గర బండి గంటకు ఒకటిన్నర కిలోమీటరు కూడా పోదు, రాళ్ల గుట్ట మీద తాబేలులా పాకుతుంది. మామూలు రోడ్డు మీద ఆ ఫస్టు ముట్టుకోరు, రెండోదాంతోనే బండి కదుపుతారు. వాళ్లు గేర్లు ఎన్ని అని చూడలేదు, కింది గేరు ఎంత లోతు అని చూశారు. బురదలో, కొండల్లో తిరిగేవాడు అడగాల్సిన ప్రశ్న కూడా అదే. ఐదో గేరు రోడ్డు కోసం. బురదలో లాగేది ఫస్టు.

ఇక పెట్టె మార్చాలంటే కలవాల్సినవి ఇవీ. రాసి పెట్టుకోండి, మీకూ పనికొస్తాయి.

ఒకటి, ఇంజిన్ వెనక హౌసింగుకీ గేర్‌బాక్సుకీ మధ్య ప్లేటు. అది క్రాంకు షాఫ్టు నడిమధ్యకి సరిగ్గా రావాలి. వెంట్రుకవాసి పక్కకి జరిగినా ముందు బేరింగు తినేస్తుంది, గేరు జారుతుంది. ఊళ్లో లేతు మీద కంటి అంచనాతో చేసే పని కాదు అది.

రెండు, గేర్‌బాక్సు వెనక షాఫ్టు. మోడల్ 18లో గేర్‌బాక్సు షాఫ్టు నేరుగా ట్రాన్స్‌ఫర్ కేసు లోపలికి వెళ్లి అక్కడి గేరుని తిప్పుతుంది. ఆ షాఫ్టు మీద గాళ్ల లెక్క, పొడవు కలవకపోతే మీ దగ్గరున్నది ఇనుప ముక్కే.

మూడు, మోడల్ 18 నుంచి వెనక్కి వెళ్లే షాఫ్టు బండి మధ్యలో ఉండదు, కుడి పక్కకి ఉంటుంది. వెనక ఇరుసు గుండు కూడా అందుకే కుడి పక్కకి ఉంటుంది. మధ్యలోంచి షాఫ్టు వచ్చే వేరే రకం ట్రాన్స్‌ఫర్ కేసు పెడితే ఇరుసు కూడా మార్చాలి.

నాలుగు, ఇది చాలామందికి తెలియదు, తెలియకపోతే ప్రాణం మీదికొస్తుంది. ఈ పాత జీపుల హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక, షాఫ్టు మీద ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ కేసు మారిస్తే ఆ బ్రేకు పోయినట్టే. ఆ షాఫ్టు విరిగినా, క్రాసు ఊడినా కూడా వెనక చక్రాల్ని ఆపే హ్యాండ్ బ్రేకు లేనట్టే.

మా బంధువుల్లో ఒకాయన నాలుగేళ్ల క్రితం తన పొట్టి జీపుకి ఐదు గేర్లది వేయించాడు. ఊరంతా తిప్పి చూపించాడు. రెండు నెలల్లో ముందు బేరింగు పోయింది. మార్చాడు, మళ్లీ పోయింది. వెనక క్రాసులు రెండుసార్లు. హ్యాండ్ బ్రేకు మాత్రం అప్పటి నుంచీ లేదు, చక్రం కింద రాయి పెట్టుకుంటాడు. "ఏం బాబాయ్, ఐదో గేరు ఎలా ఉంది?" అని అడిగితే నవ్వి, "మన డొంకలో ఐదో గేరు వేసే చోటేది రా?" అన్నాడు. ఆయన పెట్టిన డబ్బు, పడిన తిప్పలు నాకు ఉచితంగా పాఠమైంది.

పదకొండో రోజు కూర్చుని కాగితం మీద రాశాను. ఈ బండి ఇప్పుడు మా ఇంట్లో ఏం పని చేస్తోంది? దున్నడానికి ట్రాక్టరుంది. గుంటూరు యార్డుకి టిక్కీలు వేసేది కిరాయి బండి. జీపు పనల్లా వానాకాలం ట్రాక్టరు కూడా దిగబడే నల్లమట్టిలో పొలానికి మందులూ మనుషులూ చేర్చడం, వాగు దాటడం, కల్లం నుంచి ఇంటికి సరుకు తేవడం. దీని బతుకు గంటకు 30 కిలోమీటర్ల లోపే. మరి ఐదో గేరు ఎవరి కోసం?

వెనక రెండు చక్రాలూ జాకీల మీద లేపి, ఇద్దరం చెరోటి పట్టుకుని ఒకేసారి ఒక చుట్టు తిప్పాం. మేస్త్రీ షాఫ్టు మీద సుద్ద గీత పెట్టి లెక్కేశాడు. ఐదుంపావు దాటింది, ఐదున్నర కాలేదు. అంటే 5.38 అలాగే ఉంది. 1945లో రైతు నడక కోసం సర్దిన లెక్క మా బండిలో చెక్కుచెదరకుండా ఉంది. అరిగిపోయింది ఆ లెక్కలో ఒక్క భాగమే. దాన్ని బాగుచేస్తే చాలు, లెక్క మార్చక్కర్లేదు.

టీ-90నే విప్పి కట్టించాను. కింది గేర్ల కట్ట, దాని షాఫ్టు, బేరింగులన్నీ, సింక్రో రింగులు, రెండో గేరు స్లీవు, ఫస్టు గేరు, గేరు ఫోర్కుల దగ్గర గేరు జారకుండా పట్టి ఉంచే గుళ్లూ స్ప్రింగులూ కొత్తవి. సామాను కోసం విజయవాడ ఆటోనగర్‌లో మూడు రోజులు తిరిగాం. చౌక సామాను, మంచి సామాను పక్కపక్కనే ఉంటాయి. పన్ను మీద గోరు పెట్టి చూడమని, పాత ముక్క పక్కన పెట్టి కొలవమని మేస్త్రీ నేర్పాడు.

అసలు పెట్టె ఎందుకు పోయిందో కూడా విప్పాకే తెలిసింది. ఈ రకంలో గేర్‌బాక్సు నుంచి ట్రాన్స్‌ఫర్ కేసులోకి నూనె జారుతుంటుంది. కిందికి కారదు కాబట్టి మనకి కనపడదు. ట్రాన్స్‌ఫర్ కేసు నిండుగా, గేర్‌బాక్సు ఎండిపోయి ఉంది. తప్పు పెట్టెది కాదు, నాది. రెండు ప్లగ్గులూ విప్పి రెండు చోట్లా నూనె చూడాలి. ఇంకోటి, కొత్త బండ్లకి వాడే జీఎల్-5 నూనె పాత ఇత్తడి సింక్రో రింగులకి మంచిది కాదంటారు. జీఎల్-4 రకం 90 నూనె అడిగి పోయించండి.

మరి చెరువు కట్ట సంగతి? ఫస్టుకి సింక్రో లేని లోటు ఈ పెట్టెకి ఎప్పటికీ ఉంటుంది, దాచను. దానికి మందు పాత డ్రైవర్ల పద్ధతే. దిగే ముందే, పైన బండి ఆపి, లోలో పెట్టి గేరు వేసుకుని దిగడం. దిగుతూ గేరు మార్చకూడదు. తప్పనిసరై మార్చాల్సి వస్తే క్లచ్ తొక్కి న్యూట్రల్‌కి తెచ్చి, క్లచ్ వదిలి, ఒక్కసారి ఆక్సిలేటర్ ఇచ్చి, మళ్లీ క్లచ్ తొక్కి ఫస్టు వేయాలి. రింగు చేయాల్సిన పని మన కాలు చేస్తుందన్నమాట. మా నాన్న మాట్లాడుతూ మాట్లాడుతూ చేసేవాడు. నేను మర్చిపోయాను. ట్రైలర్ మీద మనుషుల్ని ఎక్కించడం కూడా మానేశాను, అది గేర్లతో పనిలేని సంగతి.

నేను చేసిందే అందరూ చేయాలని కాదు. మీది 91 అంగుళాల బండై, నాలుగు గేర్లతోనే పుట్టి ఉంటే ఆ నాలుగే ఉంచండి. మీరు రోజూ హైవే మీద 60 కిలోమీటర్లు పోయేవాళ్లయితే ఐదు గేర్లతో పుట్టిన బండే కొనుక్కోండి, పొట్టి జీపుని కోసి చేయకండి. ఏది వేసినా ముందు మూడు అంకెలు రాసుకోండి, హెచ్చవేయండి, మీ పొలంలో ఎంత వేగం కావాలో చూసుకోండి. గేర్లు ఎన్ని అన్న ప్రశ్న ఆఖర్లో రావాలి.

మొన్న మొదటి వాన పడ్డాక మా వాడే స్టీరింగు పట్టుకున్నాడు. చెరువు కట్ట మీద బండి ఆపాడు. నేనేమీ చెప్పలేదు. లోలోకి తెచ్చి, గేరు వేసి, క్లచ్ మీంచి కాలు పూర్తిగా తీసేసి దిగాడు. బండి నడుచుకుంటూ దిగింది, మనిషి నడకంత. కింద తూము దగ్గరికొచ్చాక నావైపు తిరిగి, "ఇంత మెల్లగా పోయే బండి కోసమా నాన్నా మూడు రోజులు ఆటోనగర్ తిరిగాం?" అన్నాడు.

అవునన్నాను.